ఆక్సిజన్ తగిలాక ఏ జంట నిలుస్తుంది? ఆధారంపై నిలిపిన ద్విలోహ ఉత్ప్రేరకాల ఎంపిక

ద్విలోహ ఉత్ప్రేరకాన్ని (ఆధార పదార్థంపై రెండు లోహాల సూక్ష్మ కణాలను నిలిపి, రసాయన చర్యను వేగపరిచేందుకు వాడేదాన్ని) ఎంచుకునేటప్పుడు అందరి చూపూ ముందుగా చురుకుదనం మీద, కోరిన ఉత్పన్నం ఎంత శాతం వస్తుందన్న దాని మీద పడుతుంది. ఆ అంకెలు ఎక్కువగా హైడ్రోజన్‌లో అప్పుడే క్షయకరణం చేసిన (ఆక్సిజన్‌ను తొలగించి లోహంగా మార్చిన) తాజా నమూనాపై కొలిచినవే. ఆ నమూనా తన జీవితకాలంలో ఆక్సిజన్‌ను ఎన్నిసార్లు ఎదుర్కొంటుందో లెక్క వేసేవారు తక్కువ. రియాక్టర్ నుంచి బయటికి తీసేటప్పుడు గాలి తగులుతుంది. ఉపరితలంపై పేరుకున్న కోక్‌ను (కార్బన్ మడ్డిని) కాల్చేటప్పుడు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆక్సిజన్ పారుతుంది. చర్య జరుగుతుండగానే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కూడా ఆక్సీకరణులుగా పనిచేస్తాయి. ఈ సందర్భాలన్నింటిలోనూ మిశ్రలోహంలో కలిసి ఉన్న రెండు లోహాలు ఎవరి దారి వారు చూసుకుంటాయి.

కాబట్టి "ఈ జంట ఆక్సీకరణం చెందుతుందా" అన్న ప్రశ్నకు పెద్ద విలువ లేదు. బంగారాన్ని పక్కన పెడితే మామూలుగా వాడే లోహాలన్నీ ఎంతో కొంత ఆక్సీకరణం చెందేవే. ఏర్పడిన ఆక్సైడ్ ఎక్కడికి చేరుతుంది, క్షయకరణం చేసినప్పుడు అది మళ్లీ పాత జోడు దగ్గరికి వస్తుందా, రాదా? ఎంపికను తేల్చవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. ఈ వ్యాసంలోని పోలిక అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

## ముందుగా చూడవలసిన ప్రమాణాలు

మొదటిది, రెండు లోహాలకు ఆక్సిజన్‌తో ఉన్న బంధబలంలో తేడా. ఒక మోల్ ఆక్సిజన్ పరమాణువుల లెక్కన ఆక్సైడ్ ఏర్పడేటప్పుడు విడుదలయ్యే ఉష్ణాన్ని చూస్తే, గాలియంకు సుమారు 363 కిలోజౌల్లు, జింకుకు 350, తగరానికి 290, ఇనుముకు 272, నికెల్‌కు 240, కోబాల్ట్‌కు 238, రాగికి దాదాపు 160 వస్తాయి. పల్లాడియం 100 పరిధిలో ఉంటుంది. ప్లాటినం ఇంకా కింద ఉంటుంది. జంటలో ఈ తేడా పెద్దదైతే ఆక్సిజన్ సమక్షంలో బలమైన ఆకర్షణ ఉన్న లోహం ఉపరితలానికి వచ్చి ఆక్సైడ్‌గా మారుతుంది, రెండోది లోపల లోహంగానే మిగులుతుంది. తేడా తక్కువైతే రెండూ కలిసే ఆక్సీకరణం చెందుతాయి. శూన్యంలో లేదా హైడ్రోజన్‌లో కొలిచిన ఉపరితల కూర్పును ఇక్కడ నమ్మడానికి వీల్లేదు. శూన్యంలో తక్కువ ఉపరితల శక్తి ఉన్న లోహం పైకి వస్తుంది, ఆక్సిజన్‌లో ఆక్సిజన్‌ను ఇష్టపడే లోహం పైకి వస్తుంది. ఇవి చాలాసార్లు వేర్వేరు లోహాలు. సోమోర్జాయ్, సాల్మెరాన్ అనే శాస్త్రవేత్తల బృందాలు 2008లో రోడియం–పల్లాడియం నానో కణాలపై ఈ సంగతిని ఎదుటే చూపించాయి. నైట్రిక్ ఆక్సైడ్ ఒక్కటే ఉన్నప్పుడు ఉపరితలంపై రోడియం పెరిగింది, కార్బన్ మోనాక్సైడ్ తోడైనప్పుడు పల్లాడియం పైకి వచ్చింది, వాయువును మార్చినప్పుడల్లా ఆ మార్పు వెనక్కీ ముందుకీ నడిచింది.

రెండోది, ఆక్సైడ్ చేరే చోటు. అది కణం చుట్టూ పొరగా నిలవవచ్చు, ఆధార పదార్థంపైకి పాకి దానితో రసాయన బంధం కట్టవచ్చు, లేదా ఆవిరై వాయు ప్రవాహంలో కొట్టుకుపోవచ్చు. మొదటి సందర్భంలో మిశ్రలోహాన్ని తిరిగి తెచ్చుకోవడం తేలిక, రెండోదానిలో పాక్షికంగా సాధ్యం, మూడోదానిలో పోయినది పోయినట్టే.

మూడోది, కణ పరిమాణం. దీనిని విడి అంశంగా చూడకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. గది ఉష్ణోగ్రత దగ్గర లోహంపై ఏర్పడే ఆక్సైడ్ పొర కొన్ని నానోమీటర్లు పెరిగాక నెమ్మదించి ఆగిపోతుంది. పొర అడ్డంగా ఏర్పడే విద్యుత్ క్షేత్రమే అయాన్లను లాగుతుందని, పొర మందం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుందని కాబ్రెరా, మాట్ అనే శాస్త్రవేత్తలు 1940ల చివర వివరించారు. దీనివల్ల 20 నానోమీటర్ల నికెల్ కణంలో గాలి తగిలాక కూడా లోహపు గర్భం మిగులుతుంది. 3 నానోమీటర్ల కణంలో మిగలడానికి గర్భమే ఉండదు. ఇక 2 నానోమీటర్ల కణంలో దాదాపు సగం పరమాణువులు ఉపరితలంపైనే ఉంటాయి కాబట్టి "ఉపరితల ఆక్సీకరణం" అన్నా "పూర్తి ఆక్సీకరణం" అన్నా పెద్ద భేదం లేదు.

నాలుగోది, ఉష్ణోగ్రతతో పాటు వాయువు స్వభావం. పొడి గాలి, తేమ గాలి, ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఒకేలా పనిచేయవు. ఒకే ఉష్ణోగ్రతలో తేమ గాలి కణాలను త్వరగా ముద్దలు కట్టిస్తుంది. కోక్ కాలేటప్పుడు పుట్టే ఆవిరినీ, అక్కడికక్కడ పెరిగే వేడినీ లెక్కలోకి తీసుకోకుండా కొలిమి తెరపై కనిపించే ఉష్ణోగ్రతనే నమ్మితే మోసపోతాం.

## ఒక చూపులో పోలిక

| జంట, ఆధారం | ముందు ఆక్సీకరణం చెందేది | ఆక్సైడ్ చేరే చోటు | క్షయకరణంలో తిరిగి కలవడం | ప్రధాన జాగ్రత్త |
|---|---|---|---|---|
| ప్లాటినం–తగరం, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) | తగరం | కణం అంచు, ఆపై ఆధారం | పాక్షికం, ప్రతి ఆక్సీకరణ–క్షయకరణ వలయంలో కొంత మారుతుంది | తగరం అల్యూమినాలో చిక్కుకోవడం |
| ప్లాటినం–పల్లాడియం, అల్యూమినా | పల్లాడియం | కణం పక్కన లేదా పైన | చాలా మంచిది | ఆక్సైడ్ ఏర్పడే, విడిపోయే ఉష్ణోగ్రతలు వేరు |
| ప్లాటినం–రీనియం, అల్యూమినా | రీనియం | ఆధారం | మంచిది, తేమపై ఆధారపడుతుంది | ఆక్సైడ్ ఆవిరయ్యే స్వభావం |
| పల్లాడియం–బంగారం | పల్లాడియం | కణం చుట్టూ పొర | మంచిది | ఎక్కువ వేడిలో కణాలు పెరగడం |
| నికెల్–ఇనుము | ఇనుము | కణం పైన, పక్కన | మంచిది, వేడి చర్యలో దానంతట అదే | మితిమీరితే ఇనుము వేరుపడటం |
| నికెల్–కోబాల్ట్, అల్యూమినా | రెండూ దాదాపు కలిసే | ఆధారంలోకి స్పైనెల్‌గా (అల్యూమినాతో కలిసిన మిశ్ర ఆక్సైడ్‌గా) | కష్టం, ఎక్కువ వేడి కావాలి | అల్యూమినేట్ |
| ప్లాటినం–కోబాల్ట్, కార్బన్ | కోబాల్ట్ | ఆమ్లంలో కరిగిపోతుంది | ఉండదు | కోబాల్ట్ నష్టం, ఆధారం కాలిపోవడం |

పట్టికలో "మంచిది" అని రాసిన చోట కూడా అది సరైన ఆధారం మీద, సరైన పరిమాణంలో ఉన్న కణాలకే వర్తిస్తుంది.

## ప్లాటినం–తగరం

ప్రొపేన్‌ను ప్రొపిలీన్‌గా మార్చే పరిశ్రమలో ఈ జంటకు పెద్ద పీట ఉంది. దీని ఆక్సీకరణ కథను దగ్గరగా చూస్తే మిగతా జంటల్ని అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

హైడ్రోజన్‌లో 500 డిగ్రీల దగ్గర క్షయకరణం చేసిన ఒక కణాన్ని ఊహించుకోండి. అందులో మూడు ప్లాటినం పరమాణువులకు ఒక తగరం పరమాణువు ఉంది. దానికి గది ఉష్ణోగ్రతలోనే గాలి తగిలించండి. ఉపరితలంపై ఉన్న తగరం వెంటనే ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, లోపలి తగరం కొంత బయటికి కదులుతుంది, ప్లాటినం చాలావరకు లోహంగానే ఉంటుంది. ఇప్పుడు 500 డిగ్రీలకు వేడి చేయండి. తగరం దాదాపు అంతా నాలుగు ధనావేశాల (Sn⁴⁺) స్థితిలోని ఆక్సైడ్‌గా మారి మిశ్రలోహం విడిపోతుంది. ప్లాటినం కణం చిన్నదైతే అది కూడా ఆక్సైడ్ వైపు జరుగుతుంది, పెద్దదైతే లోహంగా మిగులుతుంది. అంటే తాజా నమూనాలో మనం మెచ్చుకున్న మిశ్రలోహ కణం ఈ దశలో అసలు లేదు. తిరిగి హైడ్రోజన్‌ను పంపినప్పుడు అది మళ్లీ పుట్టాలి.

ఎంతవరకు పుడుతుందన్నది ఆధారాన్ని బట్టి ఉంటుంది. సిలికాకు (సిలికాన్ డయాక్సైడ్‌కు) తగరం ఆక్సైడ్‌పై పెద్ద పట్టు లేదు. పక్కనే ఉన్న ప్లాటినం హైడ్రోజన్‌ను విడగొట్టి అందిస్తుంది కాబట్టి తగరం లోహంగా మారి మిశ్రలోహంలోకి సులభంగా తిరిగి వస్తుంది. అల్యూమినా మీద తగరంలో కొంత భాగం రెండు ఆవేశాల స్థితిలో ఉపరితలానికి గట్టిగా అతుక్కుని, అదే ఉష్ణోగ్రతలో ఎంతసేపు క్షయకరణం చేసినా లోహంగా మారదు. ఇది పూర్తిగా చెడ్డదేమీ కాదు. అలా అతుక్కున్న తగరం ఆధారపు ఆమ్లత్వాన్ని కొంత తగ్గిస్తుంది, ప్లాటినం కణాల్ని ఒకదానికొకటి దూరంగా పట్టి ఉంచుతుంది. అయితే మిశ్రలోహంలో తగరం వాటా ఒక పునరుద్ధరణకూ (కోక్ కాల్చి ఉత్ప్రేరకాన్ని తిరిగి పనికి సిద్ధం చేయడానికీ) మరో పునరుద్ధరణకూ మధ్య మారుతుంది. తయారీలో వేసిన నిష్పత్తిని కణంలోని నిష్పత్తిగా భావించి లెక్కలు కట్టే అలవాటు ఈ రంగంలో ఇంకా పోలేదు.

పదే పదే కోక్ కాల్చవలసిన ప్రక్రియకు నేను ఈ జంటనే సిఫారసు చేస్తాను, అయితే క్లోరిన్ ఉన్న ఆక్సిజన్‌లో కణాల్ని తిరిగి చిన్నవిగా చేసే దశ ఆ ప్రక్రియలో ఉండాలి. అది లేని చోట ప్లాటినం కణాలు క్రమంగా పెరుగుతూ పోతాయి, తగరం దగ్గర పడటానికి కావలసిన చిన్న కణాలు మిగలవు.

## ప్లాటినం–పల్లాడియం

డీజిల్ వాహనాల పొగ గొట్టంలోనూ, మీథేన్‌ను కాల్చే చోట్లా ఈ జంటదే రాజ్యం. ఇక్కడ ఆక్సైడ్ శత్రువు కాదు. మీథేన్ దహనంలో పనిచేసే దశ పల్లాడియం ఆక్సైడే. అందువల్ల ప్రశ్న తిరగబడుతుంది: ఎంత పల్లాడియం ఆక్సైడ్‌గా, ఎంత లోహంగా ఉండాలి?

గాలిలో పల్లాడియం ఆక్సైడ్ సుమారు 800 డిగ్రీల వరకు నిలుస్తుంది, ఆపై లోహంగా విడిపోతుంది. చల్లార్చేటప్పుడు మాత్రం అదే ఉష్ణోగ్రతలో తిరిగి ఏర్పడదు. దాదాపు 650 డిగ్రీల దాకా దిగితేగాని ఆక్సైడ్ మళ్లీ పుట్టదు. ఈ రెంటి మధ్య ఉన్న పరిధిలో ఉష్ణోగ్రత ఒకటే అయినా, పైకి వెళుతున్నామా కిందికి దిగుతున్నామా అన్నదాన్ని బట్టి మీథేన్ మార్పిడి ఎక్కువగానో తక్కువగానో ఉంటుంది. ఒక్క దిశలోనే వేడి చేసి గీసిన మార్పిడి వక్రరేఖను చూపించి ఉత్ప్రేరకాన్ని అమ్మజూపేవారిని చల్లారేటప్పటి రేఖ కూడా అడగండి.

ప్లాటినం చేరినప్పుడు పల్లాడియం మిశ్రలోహంలో స్థిరపడుతుంది, ఆక్సైడ్‌గా మారే మొగ్గు తగ్గుతుంది. పొడి మీథేన్ దహనానికి ఇది నష్టం. కానీ 450 డిగ్రీల కంటే తక్కువలో నీటి ఆవిరి పల్లాడియం ఆక్సైడ్ ఉపరితలాన్ని హైడ్రాక్సిల్ సమూహాలతో కప్పేస్తుంది, ప్లాటినం ఉంటే ఆ దెబ్బ కొంత తగ్గుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌ను ఆక్సీకరించడానికైతే లోహ ప్లాటినమే మెరుగు, పల్లాడియం ఆక్సైడ్ అక్కడ పెద్దగా పనికిరాదు. మరో లాభమూ ఉంది. గాలిలో 800 డిగ్రీల దగ్గర ప్లాటినం దాని డైఆక్సైడ్ ఆవిరిగా నెమ్మదిగా తప్పించుకుంటుంది, పక్కన పల్లాడియం ఉంటే ఆ ఆవిరిని పట్టి మిశ్రలోహంలోకి చేర్చుకుంటుంది. వేడికి గురయ్యే పొగ గొట్టాల్లో ఈ జంట నిలదొక్కుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఈ జంటలో నిష్పత్తిని ఎంచుకోవడమంటే ఏ హానికర వాయువు మీద ముందు దెబ్బ వేయాలో నిర్ణయించడమే. హైడ్రోకార్బన్, కార్బన్ మోనాక్సైడ్, వేడికి నిలకడ ముఖ్యమైతే పల్లాడియం పెంచవచ్చు. నైట్రిక్ ఆక్సైడ్‌ను డైఆక్సైడ్‌గా మార్చడం, ఇంధనంలో గంధకాన్ని తట్టుకోవడం ముఖ్యమైతే ప్లాటినం పాలు పెద్దది కావాలి.

## ప్లాటినం–రీనియం

నాఫ్తా రీఫార్మింగ్‌లో (పెట్రోలియం నాఫ్తాను మెరుగైన పెట్రోలు భాగాలుగా మార్చే ప్రక్రియలో) ఈ జంట 1960ల చివర్లో రంగప్రవేశం చేసింది. రీనియం హెప్టాక్సైడ్ ఒంటరిగా ఉంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది, అయితే అల్యూమినాతో బంధం కట్టుకున్నప్పుడు ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆధారంపై కొంత తేమ ఉంటే ఆక్సైడ్ రూపంలోని రీనియం కదిలి ప్లాటినం దగ్గరికి చేరుతుంది, దాని సాయంతో తేలికగా క్షయకరణం చెందుతుంది. మరీ ఎక్కువ వేడిలో ఎండబెడితే రెండూ విడివిడిగా ఉండిపోతాయి. మధ్యమధ్యలో ఆపి పునరుద్ధరించే పాత తరహా యూనిట్లకు ఇది ఇప్పటికీ సరైన ఎంపిక. నిరంతరంగా పునరుద్ధరించే యూనిట్లలో తగరానిదే పైచేయి.

## పల్లాడియం–బంగారం

బంగారం మామూలు స్థితుల్లో ఆక్సీకరణం చెందదు, కాబట్టి ఇక్కడ కదిలేది ఒక్క పల్లాడియమే. శూన్యంలో బంగారం పైకి తేలుతుంది, గాలిలో వేడి చేస్తే పల్లాడియం పైకి వచ్చి ఆక్సైడ్ పొర కడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నేరుగా తయారుచేసే పరిశోధనలో ఒక ఆసక్తికర సంగతి బయటపడింది. టైటానియా, అల్యూమినా వంటి ఆక్సైడ్ ఆధారాలపై గాలిలో కాల్చిన నమూనాల్లో బంగారపు గర్భం, పల్లాడియం ఎక్కువున్న పొర ఏర్పడితే, కార్బన్‌పై తయారైన కణాల్లో రెండు లోహాలూ కలగలిసి ఉన్నాయి.

వినైల్ అసిటేట్ తయారీ లాగా 200 డిగ్రీల లోపు నడిచే చర్యలకు దీని నిలకడ సరిపోతుంది. బంగారపు ద్రవీభవన స్థానాన్ని కెల్విన్‌లో సగం చేస్తే వచ్చే ఉష్ణోగ్రత 400 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త లోపే ఉంటుంది. లోహపు పరమాణువులు చురుగ్గా కదిలి కణాలు పెరిగే ఆ స్థాయికి మించి కోక్ కాల్చవలసి వస్తే ఈ జంటను వదులుకోవడమే మంచిది.

## నికెల్‌కు తోడుగా ఇనుమా, కోబాల్టా?

ఖరీదైన లోహాలు వద్దనుకునేవారికి ఇదే అసలైన మీమాంస. మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో సంశ్లేషణ వాయువుగా (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమంగా) మార్చేటప్పుడు నికెల్‌పై కార్బన్ పేరుకుంటుంది. ఇనుము కలిపితే 700 డిగ్రీలకు పైబడిన వేడిలో కార్బన్ డయాక్సైడ్ ఆ ఇనుమును ఆక్సైడ్‌గా మార్చి మిశ్రలోహం నుంచి బయటికి లాగుతుంది. ఆ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్ పక్కనే పేరుకున్న కార్బన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా తొలగిస్తుంది. ఆక్సిజన్ పోగొట్టుకున్న ఇనుము తిరిగి నికెల్‌తో కలుస్తుంది. అంటే ఆక్సీకరణమే ఇక్కడ పనిముట్టు. ఇనుము పాలు ఎక్కువైతే ఆక్సైడ్ నికెల్ ఉపరితలాన్ని కప్పి చురుకుదనాన్ని తగ్గిస్తుంది కాబట్టి తక్కువ వాటాతో మొదలుపెట్టడం మేలు.

కోబాల్ట్ కథ వేరు. నికెల్‌కూ కోబాల్ట్‌కూ ఆక్సిజన్‌పై దాదాపు సమానమైన ఆకర్షణ ఉండటంతో రెండూ కలిసే ఆక్సీకరణం చెంది మిశ్ర ఆక్సైడ్‌గా మారతాయి, క్షయకరణంలో కూడా కలిసే తిరిగొస్తాయి. ఇది స్థిరత్వం లాగా కనిపిస్తుంది. కానీ ఆధారం అల్యూమినా అయి, గాలిలో 700–800 డిగ్రీలకు వెళితే రెండూ ఆధారంతో కలిసి స్పైనెల్ అల్యూమినేట్‌గా మారతాయి. నికెల్ అల్యూమినేట్ నుంచి లోహాన్ని తిరిగి రాబట్టడానికి 750 డిగ్రీలకు పైన హైడ్రోజన్ కావాలి, అప్పటికి కణాలు పెరిగి ఉంటాయి. మరో ఇబ్బంది కూడా ఉంది. నికెల్, కోబాల్ట్ కణాల్లో లోహపు అయాన్లు ఆక్సైడ్ పొర గుండా బయటికి వెళ్లే వేగం, ఆక్సిజన్ లోపలికి వచ్చే వేగం కంటే ఎక్కువ. ఆ కారణంగా కణం మధ్యలో ఖాళీ ఏర్పడి బోలు గుండులా మారుతుంది. కిర్కెండాల్ ప్రభావం అనేది దీన్నే. అలాంటి బోలు కణాన్ని క్షయకరణం చేసినప్పుడు పెంకు ముక్కలుగా విడిపోయే అవకాశం ఉంది, అందువల్ల కణ పరిమాణం మొదటిదానితో సరిపోలదు.

## ప్లాటినం–కోబాల్ట్, కార్బన్‌పై

ఇంధన ఘటాల ధనధ్రువం (ఆక్సిజన్ క్షయకరణం చెందే కేథోడ్) కోసం ఈ జంటను చూసేవారికి రెండు మాటలు చాలు. ఆమ్ల మాధ్యమంలో ఉపరితలానికి వచ్చిన కోబాల్ట్ ఆక్సైడ్‌గా కూడా నిలవదు, కరిగిపోతుంది. అందుకే ముందే ఆమ్లంతో కడిగి, వేడి చేసి, పైన ప్లాటినం పొర ఏర్పడేలా చేస్తారు. కార్బన్ ఆధారం ఉన్న నమూనాను గాలిలో కాల్చి పునరుద్ధరించాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ప్లాటినం పక్కన ఉన్న కార్బన్, ఒంటరి కార్బన్ కాలే ఉష్ణోగ్రత కంటే చాలా తక్కువలోనే కాలిపోతుంది.

## ఆధారం గురించి విడిగా

సిలికా జోక్యం చేసుకోదు, కాబట్టి ద్విలోహ రసాయనాన్ని శుభ్రంగా అధ్యయనం చేయదలచిన విద్యార్థికి అది అనువు. కానీ ఆవిరి, ఎక్కువ వేడి ఉన్న చోట కణాల్ని పట్టి ఉంచలేదు. అల్యూమినా కణాల్ని పట్టుకుంటుంది, దానికి మూల్యంగా రెండో లోహంలో కొంత వాటాను తన దగ్గరే ఉంచుకుంటుంది. సీరియా (సీరియం ఆక్సైడ్) విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గాలిలో 800 డిగ్రీల దగ్గర ప్లాటినం విడి అయాన్లుగా సీరియా ఉపరితలంలో చిక్కుకుంటుందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది. కణాలు ముద్ద కట్టకుండా ఆపడానికి ఇది గొప్ప మార్గం, మిశ్రలోహం చెక్కుచెదరకుండా ఉండాలనుకునేవారికి మాత్రం ఇదే జంటను విడదీసే శక్తి. టైటానియా హైడ్రోజన్‌లో 500 డిగ్రీల దగ్గర కణాలపైకి సన్నని పొరగా పాకుతుంది, ఆక్సిజన్ తగలగానే ఆ పొర వెనక్కి జరుగుతుంది. ఈ రాకపోకల్ని గమనించకుండా లోహపు ఉపరితల వైశాల్యాన్ని కొలిస్తే అంకెలు తలకిందులవుతాయి.

## ఎంచుకున్నాక పరీక్షించడం

గాలి తగిలిన నమూనాను ఎక్స్‌పీఎస్ (ఎక్స్-కిరణాలతో ఉపరితల పరమాణువుల స్థితిని చూసే) యంత్రంలో పెట్టి "తగరం అంతా ఆక్సైడ్‌గానే ఉంది, మిశ్రలోహం లేదు" అని తేల్చేవారున్నారు. ఆ నమూనాను ఆక్సీకరించింది రియాక్టర్ నుంచి యంత్రం దాకా జరిగిన ప్రయాణమే. పైగా ఈ పద్ధతిలో కొన్ని జంటలకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. వర్ణపటంలో, అల్యూమినాపై ఉన్న ప్లాటినం ప్రధాన శిఖరం అల్యూమినియం శిఖరంతో కలిసిపోతుంది, అందుకని ప్లాటినం నాలుగో కక్ష్యలోని డీ శిఖరాన్ని చూడాలి. పల్లాడియం ప్రధాన శిఖరం ఉన్న 335 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే బంగారపు శిఖరం ఒకటి వస్తుంది. తగరపు రెండు, నాలుగు ఆవేశాల స్థితుల మధ్య తేడా చాలా స్వల్పం. దాన్ని తేల్చాలంటే తగరపు మాస్‌బవర్ (గామా కిరణాలతో తీసే) వర్ణపటమో, వాయువులోనే నమూనాను ఉంచి తీసే ఎక్స్-కిరణ శోషణ వర్ణపటమో కావాలి.

నమూనాను గాలిలోకి తీయక తప్పనప్పుడు నత్రజనిలో ఒక శాతం లోపు ఆక్సిజన్ కలిపి గది ఉష్ణోగ్రతలో నెమ్మదిగా పంపండి. నికెల్, కోబాల్ట్ వంటి లోహాలు బాగా సూక్ష్మంగా ఉన్నప్పుడు నేరుగా గాలి తగిలితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

అంత ఖరీదైన యంత్రాలు అందుబాటులో లేనివారు కూడా ఎంపికను పరీక్షించుకోవచ్చు. తాజా నమూనాపై కార్బన్ మోనాక్సైడ్ అధిశోషణాన్ని (లోహపు ఉపరితలం ఎంత వాయువును పట్టుకుంటుందో) కొలిచి, ప్రక్రియలో ఎదురయ్యే ఆక్సిజన్, ఉష్ణోగ్రత, తేమలతోనే ఆక్సీకరించి, మళ్లీ అదే ఉష్ణోగ్రతలో క్షయకరణం చేసి, తిరిగి కొలవండి. వలయాల మధ్య టీపీఆర్ రేఖను (ఉష్ణోగ్రత పెంచుతుండగా క్షయకరణానికి ఎంత హైడ్రోజన్ ఖర్చవుతుందో చూపే రేఖను) కూడా తీయండి. క్షయకరణ శిఖరం ప్రతిసారీ అదే ఉష్ణోగ్రతలో, అదే వైశాల్యంతో వస్తే జంట తిరిగి కలుస్తోందనుకోవచ్చు. తక్కువ ఉష్ణోగ్రత శిఖరం కుంచించుకుపోతూ 700 డిగ్రీల పైన కొత్త శిఖరం ఎదుగుతుంటే రెండో లోహం ఆధారంలోకి జారుకుంటోందని అర్థం. మొత్తం వైశాల్యమే తగ్గుతుంటే లోహంలో కొంత భాగం క్షయకరణానికి అందకుండా పోతోందన్నమాట, అది ఆవిరై బయటికే పోతోందా అన్నది గొట్టం చివర చల్లని భాగంలో పేరుకున్న మసిని, నమూనాలో మిగిలిన లోహాన్ని విశ్లేషించి తేల్చుకోవాలి. మొదటి వలయం ఫలితాన్ని పక్కన పెట్టి, మూడో వలయం నుంచి వచ్చే అంకెలతో జంటల్ని పోల్చండి, ఎందుకంటే తయారీలో మిగిలిన క్లోరైడ్, నైట్రేట్ అవశేషాల ప్రభావం మొదటిసారే ఎక్కువగా కనిపిస్తుంది.